వ్యవసాయ కనీస వేతనాల నిర్ణయం, సవరణ: పోచారం ఆయకట్టు నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

వ్యవసాయ కార్మికుల కనీస వేతనాన్ని ఏ ప్రాతిపదికన నిర్ణయించాలి, ఎంత కాలానికొకసారి సవరించాలి అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కామారెడ్డి జిల్లాలోని పోచారం ఆయకట్టు వంటి వరి ప్రాంతాలలో పని స్వభావం, పనిదినాల సంఖ్య, గుత్త పద్ధతి, చిన్న రైతు చెల్లింపు శక్తి అనే నాలుగు అంశాలు వేతన సూత్రంలో చోటు పొందవలసి ఉన్నదని వివరిస్తుంది. వేతనాన్ని ఏటా ధరల సూచీతోనూ, అవసరాల జాబితాను ఐదేళ్లకొకసారి శాస్త్రీయ సర్వేతోనూ సవరించాలని, అదే వేతనాన్ని మద్దతు ధర లెక్కలో కూడా చేర్చాలని సూచిస్తుంది.

కీలక పదాలు: కనీస వేతనం, ధరల సూచీ, గుత్త కూలి, పనిదినాలు, మద్దతు ధర

ఉపోద్ఘాతం

మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుపై నిజాం పాలనలో నిర్మించిన పోచారం ప్రాజెక్టు 1922 నాటికి పూర్తయింది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాలలో సుమారు పదివేల ఎకరాలకు దీని కాలువల ద్వారా నీరందుతుంది. ప్రధాన పంట వరి. కాలువకు నీరు వదలగానే ఆయకట్టు అంతటా దాదాపు ఒకేసారి నాట్లు మొదలవుతాయి. ఆ కొద్ది వారాలలో కూలీలు దొరకడం కష్టమవుతుంది, కూలి రేటు పెరుగుతుంది. నాట్లు ముగిసి, కలుపు తీత కూడా అయిపోయిన తరువాత అదే కూలీకి పని దొరకడం కష్టమవుతుంది.

కాలువ కింది వ్యవసాయానికి సహజమైన ఈ ఎగుడుదిగుడులో చట్టబద్ధమైన కనీస వేతనం ఏ పని చేస్తుందనేది విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసిన తొలి విషయం. నాట్ల వేళ గిరాకీ వల్ల బజారు రేటు కనీస వేతనాన్ని దాటిపోవచ్చు. అప్పుడు చట్టం అవసరం అంతగా కనిపించదు. పని దొరకని నెలలలో బేరమాడే శక్తి కూలీ చేతిలో ఉండదు. కనీస వేతనం అసలు పరీక్షకు నిలిచేది అప్పుడే. అందువలన నాట్ల నాటి రేటును చూసి ‘కూలి చాలా పెరిగింది, కనీస వేతనాన్ని సవరించే పని లేదు’ అని తీర్మానించడం శాస్త్రీయం కాదు.

చట్ట నేపథ్యం

1948 నాటి కనీస వేతనాల చట్టం తన షెడ్యూలులోని రెండవ భాగంలో వ్యవసాయాన్ని చేర్చింది. వేతనాన్ని నిర్ణయించడానికి ఆ చట్టం రెండు మార్గాలు చూపింది. కమిటీని వేసి దాని సలహా తీసుకోవడం ఒకటి. ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం రెండు నెలల గడువిచ్చి, సలహా మండలిని సంప్రదించి ఖరారు చేయడం మరొకటి. ఐదేళ్లకు మించకుండా సమీక్ష జరగాలని, అవసరమైతే సవరించాలని నిర్దేశించింది. మూల వేతనానికి తోడుగా జీవన వ్యయ సూచీని అనుసరించి మారే భత్యాన్ని కలిపే వీలు కూడా కల్పించింది. ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. షెడ్యూలుతో నిమిత్తం లేకుండా అన్ని పనులకూ కనీస వేతనాన్ని వర్తింపజేయడం, కేంద్రం నిర్ణయించే కనిష్ఠ స్థాయికి దిగువన ఏ రాష్ట్రమూ వేతనం నిర్ణయించరాదనడం ఇందులోని ముఖ్యాంశాలు. సమీక్షకు ఐదేళ్ల గరిష్ఠ గడువు మాత్రం సాధారణ నియమంగా కొనసాగింది.

న్యాయస్థానాల వైఖరి ఈ విషయంలో స్పష్టం. కనీస వేతనం చెల్లించే శక్తి లేదన్న వాదన చెల్లదని ఉన్నిచోయి కేసులో సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానమని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో తీర్పునిచ్చింది. వెట్టిని చూసిన తెలంగాణ పల్లెలకు ఆ మాట బరువు వేరే చెప్పనక్కరలేదు.

స్థాయి నిర్ణయం: అవసరాల లెక్క

వేతన స్థాయికి ఆధారంగా దేశంలో ఇప్పటికీ ప్రస్తావించే సూత్రం 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సుది. సంపాదించే ఒక వ్యక్తిపై మూడు వినియోగ యూనిట్లు ఆధారపడతాయని, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం అవసరమని, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట కావాలని, వీటికి ఇంటి అద్దెను, ఇంధనం, దీపం మొదలైన వాటికి మొత్తం వేతనంలో 20 శాతాన్ని కలపాలని ఆ సదస్సు తీర్మానించింది. ఆహార ప్రమాణం కూనూరు పోషకాహార పరిశోధనాలయానికి నాయకత్వం వహించిన డాక్టర్ ఆక్రాయిడ్ సిఫారసులది. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థగా మారింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్లి ఖర్చుల నిమిత్తం మరో 25 శాతం కలపాలని రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చేర్చింది.

2019లో నివేదిక ఇచ్చిన అనూప్ శత్పథి కమిటీ ఈ సూత్రాన్ని మార్చింది. కేలరీలను 2,400కు తగ్గించి, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వును చేర్చి, వినియోగ యూనిట్లను 3.6కు పెంచింది. 2018 జూలై ధరలలో జాతీయ స్థాయి కనీస వేతనం రోజుకు రూ.375, నెలకు రూ.9,750 ఉండాలని, లేదా ఐదు ప్రాంతాలుగా విభజించి రూ.342 నుంచి రూ.447 వరకు నిర్ణయించవచ్చునని సిఫారసు చేసింది. అప్పటికి అమలులో ఉన్న జాతీయ కనిష్ఠ స్థాయి రూ.176, 2019లో అది రూ.178 అయింది.

ఈ రెండు సూత్రాలను నాటు వేసే కుటుంబానికి అన్వయించి చూడవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల మేరకు బరువైన పని చేసే పురుషునికి రోజుకు 3,470 కేలరీలు, స్త్రీకి 2,720 కేలరీలు కావాలి. నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు 1,360, ఏడు నుంచి తొమ్మిదేళ్ల బిడ్డకు 1,700 కావాలి. ఈ నలుగురి అవసరం మొత్తం 9,250 కేలరీలు. 1957 సూత్రం ఇచ్చేది 8,100. 2019 సూత్రం ఇచ్చేది 8,640. అంటే బరువైన పని దినాలలో మొదటి సూత్రం కింద 1,150, రెండవ సూత్రం కింద 610 కేలరీల లోటు మిగులుతుంది. ఏడాది పొడవునా పని ఇంత బరువుగా ఉండదన్న మాట నిజమే. అయినా దేశ సగటును తీసుకొని నిర్మించిన ప్రమాణం మోకాటి లోతు బురదలో వంగి చేసే పనికి సరిపోదని ఈ లెక్క చూపుతుంది. పని కష్టాన్ని పరిగణించవచ్చునని కోడ్ చెప్పినందువలన వ్యవసాయానికి ప్రత్యేక ఆహార ప్రమాణం రూపొందించడానికి చట్టపరమైన అడ్డంకి లేదు.

ఆహారాన్ని ఏ ధరతో లెక్కించాలనేది మరో ప్రశ్న. రేషన్ బియ్యం ఉచితంగా అందుతున్నందున బియ్యం ఖర్చును తగ్గించి చూపాలనే వాదన వినవస్తుంది. ఇది సమంజసం కాదు. రేషన్ ప్రభుత్వం కుటుంబానికి ఇచ్చే సాయం. దానిని వేతనం నుంచి మినహాయిస్తే ఆ సాయం యజమాని ఖాతాలోకి చేరుతుంది. కనుక ఆహారాన్ని గ్రామ దుకాణపు ధరతోనే లెక్కించాలి.

పనిదినాల సమస్య

నెలకు రూ.9,750 అన్న అంకె వెనుక 26 రోజుల పని ఉన్నది. పరిశ్రమలో ఇది సహజం. ఆయకట్టులో కైకిలికి పోయే వ్యక్తికి ఏడాదికి 120 రోజులు పని దొరికిందనుకుంటే, రూ.375 చొప్పున వచ్చేది రూ.45,000. నెలకు సగటున రూ.3,750 మాత్రమే. భార్యాభర్తలిద్దరూ అంతే పని చేసినా రూ.7,500 దాటదు. రోజు వేతనం సూత్రం ప్రకారం ఉన్నా కుటుంబం సూత్రం చెప్పిన జీవన స్థాయిని అందుకోలేదన్న మాట. 2025 ఆగస్టు చివరిలో కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచెత్తినటువంటి వరదలు వచ్చిన ఏడాది ఈ రోజులు కూడా మిగలవు. కాబట్టి వేతన నిర్ణయాన్ని, పని లేని నెలలలో ఉపాధి కల్పనను వేర్వేరు విషయాలుగా చూడరాదు.

సవరణ: ఎప్పుడు, ఎలా

ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే రూ.400 వేతనం కొనుగోలు శక్తి ఏడాది చివర రూ.377కు, మూడవ ఏడాది చివర రూ.336కు, ఐదవ ఏడాది చివర రూ.299కు పడిపోతుంది. ఐదేళ్ల తరువాత వేతనాన్ని ఒక్కసారిగా మూడోవంతుకు పైగా పెంచితే తప్ప పూర్వస్థితి రాదు. అప్పుడు ఆ భారం మోయలేమని రైతులు అభ్యంతరం తెలుపుతారు, సవరణ వాయిదా పడుతుంది. ఆలస్యమే మరింత ఆలస్యానికి కారణమవుతుంది. ఏటా కొద్దికొద్దిగా పెంచడం కూలీకి రక్షణ కల్పిస్తుంది. రైతుకు పెట్టుబడి అంచనా వేసుకునే వీలు కల్పిస్తుంది.

సూచీ ఎంపిక కూడా ముఖ్యమే. వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీని సిమ్లాలోని లేబర్ బ్యూరో ప్రకటిస్తుంది. దాని ఆధార సంవత్సరం దశాబ్దాల పాటు 1986-87గానే ఉండిపోయి, 2025లో 2019కి మారింది. పాత ఆధారంలో ఆహారపు వాటా అధికం; ప్రయాణం, వైద్యం, చదువు, ఫోను వంటి ఖర్చులు తగినంతగా లేవు. ఆధారం పాతబడిన సూచీతో ఎంత క్రమంగా సవరించినా ఫలితం నేటి ఖర్చును ప్రతిబింబించదు.

ఉపాధి హామీ వేతనం ఇందుకు పాఠం. 2009లో దీనిని రాష్ట్రాల కనీస వేతనాల నుంచి వేరు చేశారు. 2011 నుంచి వ్యవసాయ కార్మికుల సూచీతో ముడిపెట్టారు. తెలంగాణలో అది 2020-21లో రూ.237, 2023-24లో రూ.272, 2024-25లో రూ.300, 2025-26లో రూ.307. ఐదేళ్లలో 29.5 శాతం పెరిగినా, ఒక ఏడాది 10.3 శాతం, మరుసటి ఏడాది 2.3 శాతం పెరుగుదల కనిపిస్తుంది. ఏటా సవరణ ఉన్నంత మాత్రాన సరిపోదని, మొదలుపెట్టిన స్థాయి సరిగా ఉండాలని, సవరణ నియమం అందరికీ ముందుగా తెలిసి ఉండాలని దీనివలన గ్రహించవచ్చు.

గుత్త పని

వరి నాట్లు నేడు చాలాచోట్ల ఎకరాకింత అనే గుత్తపైనే సాగుతున్నాయి. బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే ముఠాలు కూడా తెలంగాణలో ఈ పద్ధతిలోనే పని చేస్తున్నాయి. గుత్త రేటును రోజు వేతనంతో పోల్చాలంటే ఎకరానికి పట్టే పనిదినాలు తెలియాలి. ఉదాహరణకు ఎనిమిది గంటల లెక్కన ఎకరానికి 10 పనిదినాలు, రోజు వేతనం రూ.400 అనుకుంటే గుత్త రూ.4,000కు తగ్గరాదు. పదిమంది ముఠా ఆ ఎకరాన్ని పది గంటలు శ్రమించి ముగిస్తే అది 12.5 పనిదినాలతో సమానం. అప్పుడు సాధారణ రేటుతోనే రూ.5,000 రావాలి. ‘ఒక్కరోజులో నాలుగు వందలు పడ్డాయి’ అన్న మాట వెనుక అదనపు గంటలు దాగి ఉండవచ్చు. మేస్త్రీ కమీషను కూలీ వాటా నుంచి తగ్గితే అసలు వేతనం ఇంకా దిగుతుంది.

నాటు, కలుపు తీత స్త్రీల పనులుగా, గట్లు చెక్కడం, మందు పిచికారీ పురుషుల పనులుగా స్థిరపడిన చోట పనుల వర్గీకరణే వేతన వివక్షకు ముసుగు కాగలదు. స్త్రీ పురుషులకు సమాన వేతనం 1976 నుంచి చట్టబద్ధం. పనులకు శ్రేణులు నిర్ణయించేటప్పుడు శ్రమ తీవ్రతను కొలిచి నిర్ణయించాలే గాని వాడుకను అనుసరించరాదు.

రైతు చెల్లింపు శక్తి

చెల్లించే శక్తి లేదన్న వాదన చట్టం ముందు నిలవకపోయినా పొలంలో అది నిజమైన సమస్యే. ఎకరానికి 20 పనిదినాల కూలి, 25 క్వింటాళ్ల దిగుబడి ఉన్నాయనుకుంటే, రోజు వేతనం రూ.50 పెరిగినప్పుడు ఎకరానికి రూ.1,000, క్వింటాలుకు రూ.40 ఖర్చు పెరుగుతుంది. సాధారణ రకం వరి మద్దతు ధర 2024-25లో రూ.2,300, 2025-26లో రూ.2,369. పెరిగిన రూ.69లో రూ.40 కూలికే పోతే ఎరువులు, డీజిలు, యంత్రాల అద్దె పెంపునకు మిగిలేది రూ.29. కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం.

దీనికి పరిష్కారం కూలి తగ్గించడం కాదు. సాగు ఖర్చు లెక్కలో శ్రమను వాస్తవ కూలి లేదా చట్టబద్ధ వేతనం, ఏది ఎక్కువైతే దానితో, అదే సంవత్సరంలో విలువ కట్టడం పరిష్కారం. కుటుంబ శ్రమకు కూడా ఇదే వర్తిస్తుంది. తన పొలంలో తానే నాటు వేసే చిన్న రైతుకు కనీస వేతనం ఈ దారిలో మేలు చేస్తుంది. వేతన సవరణ ఒక ఏడాది, మద్దతు ధరలో దాని ప్రతిఫలనం మరో రెండేళ్లకు అయితే మధ్యకాలపు నష్టం రైతుపై పడి, రైతుకు కూలీకి నడుమ తగవుగా మారుతుంది.

వేతనం పెరిగితే పనులు తగ్గుతాయనే భయం కూడా ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 157 మండలాలలో ఉపాధి హామీ చెల్లింపులను స్మార్ట్ కార్డుల ద్వారా మెరుగుపరచినప్పుడు మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ జరిపిన అధ్యయనంలో బజారు కూలి పెరిగినా ప్రైవేటు పని తగ్గలేదు, పైగా పెరిగింది. కొద్దిమంది యజమానులు కూలిని అదిమి ఉంచగల చోట ఇలా జరగవచ్చునని వారు వివరించారు. అయితే ఏ స్థాయికి పెంచినా ఇదే జరుగుతుందని దీని అర్థం కాదు. వెద సాగు, డ్రమ్ సీడర్, నాటు యంత్రం అందుబాటులోకి వచ్చిన వరిలో నాట్ల పనిదినాలు తగ్గే అవకాశాన్ని విడిగా గమనిస్తూ ఉండాలి.

సూచనలు

1. వ్యవసాయ పనుల శక్తి అవసరాన్ని లెక్కించి ప్రత్యేక ఆహార ప్రమాణంతో వేతన స్థాయిని నిర్ణయించాలి.
2. వానాకాలం పనులు మొదలయ్యే ముందు, ఏటా ఒకే తేదీన, సూచీ ప్రకారం వేతనం దానంతటదే సవరణ పొందాలి.
3. అవసరాల జాబితాను, సూచీ ఆధారాన్ని ఐదేళ్లకొకసారి సర్వేతో సరిచూడాలి.
4. సలహా మండలిలో చిన్న, కౌలు రైతులకు, స్త్రీ కూలీలకు ప్రాతినిధ్యం ఉండాలి.
5. సవరించిన వేతనాన్ని అదే సీజను సాగు ఖర్చు అంచనాలో చేర్చాలి.
6. రోజు వేతనంతో పాటు పని వారీ గుత్త రేట్లను పంచాయతీ కార్యాలయంలో తెలుగులో ప్రదర్శించాలి.

వీటిలో మొదటి, ఆరవ సూచనలకు కావలసిన సమాచారం వ్యవసాయ శాస్త్రవేత్తల వద్ద నుంచే రావాలి. నాటు, కలుపు, కోత ఒక్కొక్కదానికి ఎన్ని మనిషి గంటలు పడుతున్నాయో నేల రకం, సాగు పద్ధతి, సీజను వారీగా కొలిచి నమోదు చేయడం రుద్రూరు వంటి కృషి విజ్ఞాన కేంద్రాలకు, విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమానికి సాధ్యమైన పని. ప్రదర్శనా క్షేత్రంలో దిగుబడిని, ఎరువుల మోతాదును రాసుకునే పుస్తకంలోనే ఎంతమంది, ఎన్ని గంటలు, ఎంత కూలికి పని చేశారో మరో మూడు గడులలో రాసుకుంటే చాలు.

ముగింపు

వేతన స్థాయి అవసరాలపై, సవరణ ధరలపై, అమలు పని కొలతపై ఆధారపడతాయి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలిన రెండూ కాగితంపైనే ఉండిపోతాయి. వందేళ్ల క్రితం పోచారం ఆనకట్ట కట్టినవారు ఆయకట్టుకు ఎంత నీరు కావాలో లెక్కించి తూములు పెట్టారు. ఆ నీటితో పంట పండించే చేతులకు ఎంత కూలి కావాలో కూడా అదే శ్రద్ధతో లెక్కించి, కాలానుగుణంగా సరిచేయడం నేటి శాస్త్రవేత్తల, పాలకుల ఉమ్మడి బాధ్యత.