బెరడు చూసి పేరు రాసేముందు

తాండూరు,
కార్తీక బహుళం

చిరంజీవి బిడ్డకు,

పరిగిలో అటవీ బీట్ ఆఫీసరుగా చేరీ చేరగానే చెట్ల లెక్కకు పంపారని, సగం చెట్ల పేర్లు తెలియక నిద్రపట్టలేదని చెప్పావు. ఫోనులో చెప్పిన మాట అడవిలోకి పోయేసరికి గుర్తుండదు. అందుకే రాస్తున్నాను.

ఆకు రాలుతోంది, ఎట్లా గుర్తుపట్టాలి అన్నావు. మన అడవి ఆకు రాల్చేది చలికి కాదు బిడ్డా, నీటి కరువుకు. అసలు రాలుడు పుష్య మాఘాల్లో. ఇప్పుడు గుంపెన లాంటివి బోసిపోవడం మొదలుపెడతాయి, చిరుమాను ఆకు ఎర్రబారుతుంది, అంతే. కొమ్మ మీద కొంత, నేల మీద కొంత ఆకు దొరికే ఈ నెల, నేర్చుకునేవాళ్లకు చాలా మంచిది.

నిన్ను ఎక్కువగా మోసం చేసేవి నల్లమద్ది, తునికి. రెండింటి బెరడూ నల్లగా, మొసలి వీపులాగా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కొత్తలో నేనొక మధ్యాహ్నమంతా మద్దిని తునికి అని రాశాను. మాతో వచ్చిన ముసలి వాచర్ ఏమీ అనలేదు. ఒక ఆకు తెంపి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టాడు. మద్ది ఆకు వెనుక, నడి ఈనె మొదట్లో, ఒకటో రెండో చిన్న బొడిపెలు ఉంటాయి. తునికికి ఉండవు. ఆ ఆకు ముదిరితే తోలులాగా మందం, బీడీలు చుట్టేది అదే. తెల్లారి మళ్లీ పోయి ఆ చెట్లన్నిటికీ పేర్లు దిద్దాను.

ఆకు అందకపోతే చెట్టు కింద వెతుకు. మద్దికాయకు ఐదు రెక్కలుంటాయి, పోయినేటివైనా ఎండి పడి ఉంటాయి. అయితే వాగు ఒడ్డున తెల్లగా, నున్నగా నిలబడ్డ ఏరుమద్ది కాయకూ ఐదు రెక్కలే. కాబట్టి కాయనొక్కదాన్నే నమ్మకు. బెరడు, ఆకు, కాయ, చెట్టు నిలబడ్డ చోటు, వీటిలో కనీసం రెండు కలిసి ఒకే మాట చెప్పాలి.

ఏగిస కాయ నాణెంలాగా గుండ్రం, నడుమ గింజ, చుట్టూ పలుచని రెక్క. చెట్టుకు దెబ్బ తగిలితే నెత్తురులాంటి జిగురు కారుతుంది. మోదుగ జిగురూ ఎరుపే, కానీ దాని ఆకు మూడు రెబ్బలు. జిగురు చూడాలని మాత్రం చెట్టుకు కత్తి పెట్టకు. ఎక్కడో ఒక పాత గాయం ఉంటుంది, దాని మీద ఎండింది చాలు.

సోమిదను చూశావా? నల్లని కాయ ఐదు రేకుల చెక్కపువ్వులాగా విచ్చుకుని కొమ్మనే పట్టుకుని ఉంటుంది. మహాగని కుటుంబం అది. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని వర్ణించిన రాక్స్‌బర్గ్, ఊళ్లవాళ్లు చెప్పిన పేర్లను శ్రద్ధగా రాసుకున్నాడు. సోమిద శాస్త్రనామం సోయ్మిడా మన మాటే, సండ్ర చెట్టుకు పెట్టిన సుంద్రా కూడా మన మాటే. నువ్వూ పశువుల కాపరుల్ని అడుగు. పేరు చెప్పమని కాదు, చెట్టు చూపించమని అడుగు. మద్ది అనే ఒక్క మాటతో వాళ్లు రెండు మూడు చెట్లను పిలుస్తారు.

ఎంతకీ తేలకపోతే ఊహించి రాయకు. 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి కొలత రాయి, నంబరు వేయి, పేరు దగ్గర ‘తెలియదు’ అని రాయి. పై అధికారి కోప్పడితే పడనీ. మీ పక్కనే దామగుండంలో 2,900 ఎకరాల అడవి నౌకాదళ రేడియో కేంద్రానికి పోయింది, 2024 అక్టోబరులో శంకుస్థాపన అయింది. ఎన్ని చెట్లు పోతాయన్న దాని మీద అప్పుడు ఎంత వాదన నడిచిందో నీకు తెలుసు. ఏ అడవికైనా రేపు అట్లాంటి రోజు వస్తే, అక్కడ ఏ చెట్టు ఉండేదో చెప్పేది నీ రిజిస్టరే.

తేలని చెట్ల ఆకు, కాయ, రాలిన బెరడు పెచ్చు పాత పేపర్లో మడిచి, పైన చెట్టు నంబరు రాసి దాచు. ఆదివారం పొద్దున బస్సుకే ఆ పొట్లాలు తీసుకుని రా. మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక్కొక్కటీ విప్పుదాం.

మీ పెద్దనాయన