అమ్మమ్మ ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ పెట్టొచ్చా?

వేసవి సెలవులకి అమెరికా నుంచి విజయవాడకో, వరంగల్‌కో వెళ్తున్నారనుకోండి. పెట్టెలో హెయిర్ డ్రయ్యర్ సర్దుకున్నారు. అక్కడి ప్లగ్ పాయింటులో పట్టడానికి ఒక చిన్న అడాప్టర్ కూడా కొన్నారు. ఇక స్విచ్ వేయడమేనా? ఆగండి, ముందు కాగితం మీద లెక్క చూద్దాం.

డాబా మీద నీళ్ల ట్యాంకు చూసే ఉంటారు. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి. విద్యుత్తుని అలా తోసేది వోల్టేజి. వైరులో సెకనుకి ఎంత విద్యుత్తు పారుతోందో చెప్పేది విద్యుత్ ప్రవాహం. దీన్ని ఆంపియర్లలో కొలుస్తాం. సన్నటి గొట్టం నీళ్లను అడ్డుకున్నట్టు, ప్రవాహాన్ని అడ్డుకునేది నిరోధం. దీని కొలత ఓమ్. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ఈ విషయం మీద పుస్తకం ప్రచురించాడు, ఆయన పేరే కొలతకి పెట్టారు.

(ఇంట్లో "కరెంటు పోయింది" అంటాం కదా, అక్కడ కరెంటు అంటే మొత్తం విద్యుత్తే. లెక్కల్లో కరెంటు అంటే ప్రవాహం మాత్రమే.)

నిరోధం = వోల్టేజి ÷ ప్రవాహం
సామర్థ్యం = వోల్టేజి × ప్రవాహం

సామర్థ్యం అంటే సెకనుకి ఎంత శక్తి ఖర్చవుతోందో చెప్పేది. దీని కొలత వాట్.

ఇప్పుడు డ్రయ్యర్ మీద ఏం రాసుందో చూడండి: 120 వోల్టులు, 1500 వాట్లు. అమెరికాలో అది తీసుకునే ప్రవాహం 1500 ÷ 120 = 12.5 ఆంపియర్లు. అయితే నిరోధం 120 ÷ 12.5 = 9.6 ఓములు. (లోపలి చిన్న ఫ్యానుని లెక్కలో వదిలేద్దాం, అది తీసుకునేది తక్కువే.)

ఇండియాలో ఇళ్లకి వచ్చేది 230 వోల్టులు. డ్రయ్యర్ లోపలి తీగ మారలేదు కాబట్టి నిరోధం 9.6 ఓములే అనుకుందాం. ప్రవాహం 230 ÷ 9.6, అంటే దాదాపు 24 ఆంపియర్లు. సామర్థ్యం 230 × 24 = 5520 వాట్లు!

వోల్టేజి రెండింతలు కూడా కాలేదు, సామర్థ్యం మాత్రం మూడున్నర రెట్లు దాటింది. ఎందుకో చూశారా? వోల్టేజి పెరిగితే దాంతోపాటు ప్రవాహమూ పెరుగుతుంది. గుణించే రెండూ పెరిగాయన్నమాట. 1500 వాట్ల వేడికి తయారైన తీగ అంత వేడిని తట్టుకోలేదు. కాలిపోతుంది, మంటలు కూడా రావచ్చు. అక్కడి పెద్ద ప్లగ్ పాయింటు కూడా 16 ఆంపియర్లకే, చిన్నది 6 ఆంపియర్లకే.

మరి అడాప్టర్ ఉంది కదా? అది ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, అంతే. వోల్టేజిని మార్చదు. చాలా ఫోన్ చార్జర్ల మీద "100–240 వోల్టులు" అని ఉంటుంది, అలాంటివి రెండు చోట్లా పనిచేస్తాయి. ఏ వస్తువైనా ముందు దాని మీద రాసింది చదవండి. అనుమానం ఉంటే పెద్దవాళ్లని అడగండి.

ఇప్పుడు మీ వంతు

తాతయ్య దగ్గరున్న ఇస్త్రీ పెట్టె మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంది. దాని నిరోధం ఎంత? దాన్ని అమెరికా తెచ్చి 120 వోల్టులకి పెడితే ఎన్ని వాట్లు వస్తాయి? ఆ వేడికి చొక్కా ముడతలు పోతాయా? లెక్క చేసి, మీ జవాబుని రెండు తెలుగు వాక్యాల్లో రాయండి. (మిక్సీతో ఈ లెక్క చేయకండి. అందులో మోటారు ఉంటుంది, దాని కథ వేరు.)