క్యూ300ఎల్ క్యాబినెట్: ఐదు వేల లోపు డబ్బాలో ప్లస్‌లేంటి, మైనస్‌లేంటి?

బడ్జెట్ గేమింగ్ పీసీ లిస్టు ఎవరు రాసుకున్నా వరుస ఒకేలా ఉంటుంది. ముందు గ్రాఫిక్స్ కార్డు, తర్వాత ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. అన్నీ అయ్యాక చివర్లో మిగిలిన డబ్బుతో క్యాబినెట్. "డబ్బానే కదా, ఏదో ఒకటి తీసుకుందాం" అంటారు. కానీ ఆ డబ్బాలోనే ముప్పై వేల కార్డు ఊపిరి పీల్చుకోవాలి. అది సరిగ్గా పీల్చుకుంటుందా లేదా అన్నది షాపులో చూసి చెప్పడం కష్టం. స్పెసిఫికేషన్ షీట్ చదవడం వస్తే మాత్రం చాలావరకు చెప్పేయొచ్చు.

అందుకే ఈసారి ఒక్క క్యాబినెట్‌నే తీసుకుని విడదీసి చూద్దాం: కూలర్ మాస్టర్ మాస్టర్‌బాక్స్ క్యూ300ఎల్. 2018లో వచ్చిన మోడల్ ఇది. కొత్తది కాదు, అందంలో ఇప్పటి వాటితో పోటీ పడలేదు. అయినా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. బడ్జెట్ క్యాబినెట్‌లో కంపెనీ ఎక్కడ డబ్బు పెడుతుంది, ఎక్కడ మిగుల్చుకుంటుంది అన్నది దీంట్లో అద్దంలా కనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకుంటే రేపు ఏ బ్రాండ్ డబ్బా ముందున్నా ఏం చూడాలో తెలుస్తుంది.

సైజు సంగతి

క్యూ300ఎల్ మినీ టవర్. లోతు 387 మి.మీ., వెడల్పు 230 మి.మీ., ఎత్తు 381 మి.మీ. అంటే ఎత్తు, లోతు దాదాపు సమానం, చూడ్డానికి పెట్టెలాగే ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్, మినీ ఐటీఎక్స్ బోర్డులు మాత్రమే పడతాయి. ఫుల్ ఏటీఎక్స్ బోర్డు కొని దీంట్లో పెట్టాలని చూడకండి, పట్టదు. బడ్జెట్ బిల్డ్‌లో ఇది పెద్ద లోటేం కాదు. మనం కొనే బీ450ఎం, ఏ520ఎం, బీ660ఎం లాంటి బోర్డుల పేరు చివర ఉండే 'ఎం' అక్షరం మైక్రో ఏటీఎక్స్‌కి గుర్తు. అలాంటి బోర్డును పెద్ద టవర్‌లో పెడితే కింద సగం డబ్బా ఖాళీగా కనిపిస్తుంది, టేబుల్ మీద చోటు కూడా దండగ.

గ్రాఫిక్స్ కార్డు పొడవు 360 మి.మీ. వరకు పడుతుందని కంపెనీ చెబుతుంది. ఇంత చిన్న డబ్బాకి ఇది బాగా ఎక్కువే. అయితే ఈ అంకె ముందువైపు ఖాళీగా ఉన్నప్పటిది. లోపలివైపు ఒక ఫ్యాన్ బిగిస్తే 25 మి.మీ. పోతుంది. 27 మి.మీ. మందం రేడియేటర్‌తో పాటు ఫ్యాన్ కూడా పెడితే 52 మి.మీ. తగ్గి 308 మిగులుతుంది. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 దాటతాయి కాబట్టి ఈ తీసివేత బాక్స్ ఆర్డర్ పెట్టకముందే చేసుకోవాలి. ఏ క్యాబినెట్‌కైనా ఇదే లెక్క.

సీపీయూ కూలర్ ఎత్తు దగ్గర మాత్రం కొంచెం ఇరుకు. 160 మి.మీ. కన్నా తక్కువే చోటు ఉంది. డీప్‌కూల్ ఏజీ400 ఎత్తు 150, ఏకే400 ఎత్తు 155, ఈ రెండూ పడతాయి. 160 దాటిన పెద్ద టవర్ కూలర్లు పడవు, సైడ్ ప్యానెల్ మూసుకోదు. రైజెన్‌తో వచ్చే చిన్న స్టాక్ కూలర్‌కైతే అసలు సమస్యే లేదు. ఎస్‌ఎంపీఎస్ పొడవుకి ఇచ్చిన పరిమితి 160 మి.మీ. మామూలు 140 మి.మీ. యూనిట్ హాయిగా కూర్చుంటుంది. మాడ్యులర్ తీసుకుంటే కేబుల్ గుచ్చే చోటు కూడా లెక్కలో వేసుకోండి.

అసలు విషయం: గాలి

దీంతో పాటు వచ్చే ఫ్యాన్ ఒక్కటే. వెనకవైపు 120 మి.మీ., గాలిని బయటికి తోసేది. ముందు రెండు, పైన రెండు 120 మి.మీ. ఫ్యాన్లకి చోటు ఉంది, కానీ ఫ్యాన్లు లేవు. కంపెనీ డబ్బు మిగుల్చుకుంది సరిగ్గా ఇక్కడే.

ఒక ఫ్యాన్ సరిపోతుందా? ఊహించక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. లోపలికి వచ్చిన గాలి బయటికి వెళ్లేలోపు ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుంది అనేదానికి సింపుల్ సూత్రం ఉంది: 1.8 ని వాట్లతో గుణించి, గాలి ప్రవాహంతో భాగించాలి. గాలి ప్రవాహం సీఎఫ్‌ఎంలో, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అన్న కొలతలో. గాలి సాంద్రత, దాని ఉష్ణధారణ శక్తి నుంచి వచ్చే అంకె ఈ 1.8. ఇంటర్ ఫిజిక్స్ మించింది ఏమీ లేదు.

ఆర్‌టీఎక్స్ 3060 రేటింగ్ 170 వాట్లు. రైజెన్ 5 5600 టీడీపీ 65 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కలిపి మొత్తం 250 వాట్లు అనుకుందాం. ఫ్యాన్ బాక్స్ మీద 50 సీఎఫ్‌ఎం అని ఉందనుకుంటే, 1.8 × 250 ÷ 50 = 9 డిగ్రీలు. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ ఆ 50 అనేది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి కొలత. ముందు జల్లెడ, ఫిల్టర్, కేబుళ్లు, వెనక గ్రిల్ ఇవన్నీ దాటాక అది సగానికి పడిపోతే? 18 డిగ్రీలు. హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉందనుకోండి. డబ్బా లోపలి గాలి 56 డిగ్రీలు. కార్డు చల్లబడాల్సింది ఆ గాలితోనే. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర టెస్ట్ చేసిన వీడియో చూసి "ఈ క్యాబినెట్ ఓకే" అనుకుంటే విజయవాడలో, రామగుండంలో అది ఓకే కాకపోవచ్చు. రివ్యూ చూసేటప్పుడు గది ఉష్ణోగ్రత ఎంతో చెప్పారా లేదా అన్నది నేను ముందు వెతుకుతాను. చెప్పకపోతే మిగతా అంకెలకి పెద్ద విలువ ఇవ్వను.

రెండో సమస్య దుమ్ము. వెనక ఫ్యాన్ ఒక్కటే బయటికి తోస్తుంటే లోపల ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గాలి ఫిల్టర్ ఉన్న దారిలోనే రావాలన్న రూల్ ఏమీ లేదు. ఏ సందు దొరికితే ఆ సందులోంచి, పీసీఐ స్లాట్ల పక్కనుంచి, ప్యానెల్ అంచుల నుంచి, దుమ్ముతో సహా దూరుతుంది. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే ఒత్తిడి కాస్త లోపలివైపే ఎక్కువ, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము ఫిల్టర్ దగ్గర ఆగుతుంది. మన ఊళ్ల దుమ్ముకి ఇది చల్లదనమంత ముఖ్యం.

కాబట్టి క్యూ300ఎల్ కొంటే, రెండు 120 మి.మీ. ఫ్యాన్ల ఖర్చు కూడా దాని ధరలోనే కలిపి చూడండి. అప్పుడే మిగతా వాటితో పోల్చడం న్యాయం. బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు తక్కువుంటే స్ప్లిటర్ చాలు. మామూలుగా ఒక్కో హెడర్ ఒక ఆంపియర్ ఇస్తుంది, రెండు సాధారణ ఫ్యాన్లకి అది ఎక్కువే. పైన కూడా ఫ్యాన్ పెట్టాలనిపిస్తే వెనక మూలకి దగ్గరగా పెట్టండి. ముందు మూల దగ్గర పెడితే, ముందు నుంచి వచ్చే చల్లటి గాలిని కూలర్‌కి చేరకముందే లాగేస్తుంది.

ఫిల్టర్లు: ప్లస్సూ ఇవే, మైనస్సూ ఇవే

ఈ క్యాబినెట్‌కి నాకు బాగా నచ్చిన అంశం మ్యాగ్నెటిక్ ఫిల్టర్లు. స్క్రూ లేదు, క్లిప్ లేదు. అయస్కాంతంతో అతుక్కుంటాయి, ఒక్క లాగుడుతో వచ్చేస్తాయి, కడిగి ఆరబెట్టి మళ్లీ అతికించొచ్చు. దుమ్ము దులపడం సులువుగా ఉంటేనే మనం దులుపుతాం, లేకపోతే ఆరు నెలలకోసారి కూడా చేయం.

కానీ ఆ ఫిల్టర్ మీద డిజైన్ కోసం గీసిన ప్యాటర్న్‌ని దగ్గరగా చూడండి. ప్యాటర్న్‌లో మూసి ఉన్న భాగం గాలికి గోడే. దాని వెనక ఉన్న స్టీలు జల్లెడ మరో అడ్డు. రెండు పొరలు దాటి గాలి రావాలి. అది ఎంత నష్టం చేస్తోందో మీరే కొలవొచ్చు. ఒకే గేమ్, ఒకే సెట్టింగ్స్‌లో అరగంట ఆడి కార్డు, సీపీయూ ఉష్ణోగ్రతలు రాసుకోండి. తర్వాత ముందు ఫిల్టర్ తీసేసి అరగంట. చివరగా సైడ్ ప్యానెల్ కూడా తీసేసి మరో అరగంట. మూడుసార్లూ గది ఉష్ణోగ్రత ఒకేలా ఉండాలి, ఫ్యాన్ వేగం కూడా ఒకచోట ఫిక్స్ చేయాలి. లేకపోతే వేడెక్కినప్పుడు ఫ్యాన్లు వేగం పెంచేసి తేడాని దాచేస్తాయి. ప్యానెల్ తీశాక రెండు మూడు డిగ్రీలే తగ్గితే మీ క్యాబినెట్ బాగానే పని చేస్తోంది, వేడికి కారణం వేరే చోట వెతకాలి. పది డిగ్రీలు తగ్గిందంటే కార్డుకి గాలి ఆడట్లేదు.

యాక్రిలిక్, రేకు, మిగతావి

సైడ్ ప్యానెల్ గ్లాస్ కాదు, యాక్రిలిక్. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ఆల్కహాల్ ఉన్న క్లీనర్ కొడితే సన్నటి పగుళ్లు రావొచ్చు. తడి మైక్రోఫైబర్ గుడ్డే మందు. చూడ్డానికి గ్లాస్ అంత రిచ్‌గా ఉండదు, నిజమే. ఇంకో వైపు, టెంపర్డ్ గ్లాస్ ప్యానెల్ విప్పి మన టైల్స్ మీద అంచు ఆనించి పెడితే ఒక్క క్షణంలో ముక్కలవుతుంది. గ్లాస్ క్యాబినెట్ ఉన్నవాళ్లు ప్యానెల్‌ని ఎప్పుడూ మంచం మీదో, దుప్పటి మీదో పెట్టండి.

ముందు భాగంలో యూఎస్‌బీ 3.0 పోర్టులు రెండు ఉన్నాయి, టైప్ సీ లేదు. ఫోన్‌ని పీసీకి తరచూ కలిపేవాళ్లకి ఇది రోజూ గుర్తొచ్చే లోటు.

ఇదే ధరలో నాలుగు ఆర్‌జీబీ ఫ్యాన్లు వస్తున్నాయి కదా?

వస్తున్నాయి. చాలామంది అటే వెళ్తారు, తప్పు కూడా కాదు. నాలుగు ఫ్యాన్లు ఉన్న డబ్బా గాలి విషయంలో ముందు నుంచే మెరుగు, ముందు భాగం గ్లాస్‌తో మూసేయకుండా జల్లెడ ఉంటే. ముందంతా గ్లాసే, గాలికి పక్కన వేలెడు సందు మాత్రమే ఉంటే, వెనక ఎన్ని రంగులు వెలిగినా అవి డెకరేషన్ లైట్లే.

ఆ ఫ్యాన్ల కనెక్టర్ కూడా చూడండి. నాలుగు పిన్నుల పెద్ద మోలెక్స్ ప్లగ్ ఉంటే అది నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కి వెళ్తుంది, వేగం మన చేతిలో ఉండదు. రాత్రి రెండింటికి బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉన్నా అదే హోరు. లైట్ల కనెక్టర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మూడు పిన్నుల ఏఆర్‌జీబీ 5 వోల్టులది, నాలుగు పిన్నుల ఆర్‌జీబీ 12 వోల్టులది. 5 వోల్టుల ప్లగ్‌ని బలవంతంగా 12 వోల్టుల హెడర్‌కి గుచ్చితే ఎల్‌ఈడీలు అక్కడికక్కడే పోతాయి, వారంటీలో అడిగినా లాభం ఉండదు.

షాపుల్లో వినిపించే ఇంకో ఆఫర్ "క్యాబినెట్‌తో ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ". ఆఫీస్ పీసీకి సరే, గేమింగ్‌కి వద్దు. బాక్స్ మీద 450 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉన్నా, పక్కన స్టిక్కర్‌లో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదవండి. 16 ఆంపియర్లు ఉంటే 12 × 16 = 192 వాట్లు. కార్డు ఒక్కటే 170 అడుగుతుంది. మిగిలిన 22 వాట్లతో ప్రాసెసర్ నడవదు. పీసీఐ 8 పిన్ కేబుల్ లేకపోతే ఇక మాట్లాడుకోవడానికేం లేదు. క్యూ300ఎల్‌తో ఎస్‌ఎంపీఎస్ రాదు. నా దృష్టిలో అది మైనస్ కాదు, ఉపకారం.

ఎక్కడ పెట్టాలి

క్యూ300ఎల్‌లో పవర్ బటన్, పోర్టులు ఉన్న చిన్న ప్యానెల్‌ని విప్పి వేరే చోట బిగించొచ్చు, మొత్తం ఆరు స్థానాలు ఉన్నాయి. అన్‌బాక్సింగ్ వీడియోల్లో దీన్ని వింతగా చూపించి వదిలేస్తారు కానీ ఇది నిజంగా పనికొచ్చే ఫీచర్. పీసీ టేబుల్ కింద ఉంటే పోర్టులు పైవైపు, టేబుల్ మీద ఉంటే ముందు కింద, మీ చేతికి దగ్గరగా ఉండేలా మార్చుకోవచ్చు. బోర్డు బిగించకముందే నిర్ణయించుకోండి, తర్వాత కేబుళ్లన్నీ మళ్లీ లాగాల్సి వస్తుంది.

మన కంప్యూటర్ టేబుళ్లలో పీసీ కోసం ఒక అర ఉంటుంది, మూడు వైపులా చెక్క, కొన్నింటికి ముందు తలుపు కూడా. దాంట్లో మాత్రం పెట్టకండి. వెనక ఫ్యాన్ తోసిన వేడి గాలి చెక్కకి తగిలి తిరిగి ముందుకే వస్తుంది, పైన చేసిన లెక్కలో గది ఉష్ణోగ్రత 38 బదులు 45 అయిపోతుంది. అర తప్ప వేరే చోటు లేకపోతే వెనక చెక్క తీసేయండి, తలుపు తీసి పక్కన పెట్టేయండి. డబ్బా వెనకకీ గోడకీ మధ్య కనీసం జానెడు ఖాళీ వదలండి.