యయాతి స్వర్గచ్యుతి
మహాభారతం ఆదిపర్వంలోని కథ ఇది. యయాతి మహారాజు పూరునికి రాజ్యమిచ్చి, ఘోరతపస్సు చేసి స్వర్గం చేరాడు. ఒకనాడు ఇంద్రుడు, “తపస్సులో నీకు సాటి ఎవరు?” అని అడిగాడు. దేవతలలో, మానవులలో, మహర్షులలో తనకు సమానుడు లేడని యయాతి బదులిచ్చాడు. ఇతరుల మహిమ తెలియకయే వారిని కించపరచినందున అతని పుణ్యం క్షీణించింది. పతనం తప్పదని తెలిసి, సజ్జనుల నడుమ పడేటట్లు అనుగ్రహింపుమని మాత్రం అతడు వేడుకొన్నాడు.

ఆ విధంగానే దౌహిత్రులైన అష్టకుడు, శిబి మొదలైన నలుగురి చెంతకు చేరాడు. వారు తమ పుణ్యలోకాలను ఇవ్వజూపారు. తాను ఆర్జించని ఫలం తనకు తగదని యయాతి నిరాకరించాడు. అంతట ఐదు బంగారు రథాలు వచ్చి ఐదుగురినీ స్వర్గానికి కొనిపోయాయి.

అహంకరించి పలికిన ఒక్క మాట యయాతిని పడద్రోసింది. పరుల పుణ్యాన్ని ఆశింపని నిర్ణయం అతనిని తిరిగి పైకెత్తింది. స్వర్గం చేర్చినది తపస్సే అయినా, అక్కడ నిలిచే అర్హతను ఇచ్చినది శీలమే.