‘మాఫీ ముష్కిల్’ వెనకాల ముష్కిల్

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామిక వాడలో కార్ల విడిభాగాల కంపెనీకి కోఆర్డినేటర్‌గా ఉన్న ఒక పాఠకుడి గోడు ఇది. గోదాములో, కౌంటర్లో కలిపి నలుగురు ఆయన కళ్లెదుటే ఉంటారు. బిల్లులు, స్టాకు లెక్కలు చూసే మరో ఐదుగురు హైదరాబాదులోనో, సొంత ఊళ్లలోనో ఇంటి నుంచి పనిచేస్తారు. వారానికోసారి వీడియో మీటింగులో ‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అని అడిగితే అందరిదీ ఒకటే మాట, ‘ఏం లేవు సార్’. తీరా చూస్తే బ్రేక్ ప్యాడ్ల పార్ట్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. పది రోజుల పాటు తప్పుడు సరుకు వెళ్లింది. ఆ సంగతి ఇద్దరికి ముందే తెలుసట. వీళ్ల చేత నోరు విప్పించడం ఎలా అని ఆయన అడుగుతున్నారు.

జవాబు: గల్ఫ్‌లో కాలుపెట్టిన మనవాళ్లకు మొదటి వారంలోనే నోటికి పట్టే అరబ్బీ మాట ‘మాఫీ ముష్కిల్’. ఇబ్బందేం లేదని అర్థం. మన ‘పర్లేదు సార్’ అక్కడికి వెళ్లి కట్టిన వేషం అది. నిజంగా ఇబ్బంది లేనప్పుడూ అదే అంటారు, పీకల మీదికి వచ్చినప్పుడూ అదే అంటారు. అందుకే దాన్ని జవాబు కింద జమ వేసుకోకూడదు.

షువైఖ్‌లో ఉన్నవాళ్ల అకామా, అంటే నివాస అనుమతి, కంపెనీ పేరుతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం మీదికి వస్తే ఆ దేశంలో ఉండటం మీదికీ వస్తుంది. ఊళ్లో తీర్చాల్సిన అప్పు ఉండనే ఉంది. అలాంటి మనిషి ‘తప్పు నాదే’ అనడానికి జంకుతున్నాడంటే దాన్ని పిరికితనం అనలేం, లెక్క తెలిసినతనం అనాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల భయం వేరు: కనపడని మనిషి తప్పుతోనే గుర్తుండిపోతాడేమోనని.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టారు. కలిసికట్టుగా పనిచేసే చోట పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, నమోదైన లెక్క ఎక్కువ తేలింది. ఆరా తీస్తే, వాళ్లు పొరపాట్లు ఎక్కువ చేయడం కాదు, దాచకుండా చెప్పుకోవడం కారణమని ఆమెకు తోచింది. ఆ పరిశీలన 1996లో అచ్చయింది. కాబట్టి ‘ఏం లేవు సార్’ అనే మీటింగు చూసి కోఆర్డినేటర్ గారు ముచ్చటపడాల్సింది లేదు.

ముందు ప్రశ్న మార్చాలి. ‘ఇబ్బందులున్నాయా’ అంటే ‘లేవు’ అనడం తేలిక. ‘ఈ వారం ఏ పార్టు తిరిగొచ్చింది? ఏ బిల్లు దగ్గర చెయ్యి ఆగింది?’ అని అడిగితే ఏదో ఒకటి చెప్పక తప్పదు. కోఆర్డినేటర్ గారే ముందు తన పొరపాటు ఒకటి చెబితే ఇంకా మంచిది. ఆ బ్రేక్ ప్యాడ్ల వ్యవహారాన్నే తీసుకుందాం. గోదాము కుర్రాడు పెట్టె మీది లేబుల్‌కు ఒక ఫొటో, బిల్లు మీది నంబరుకు ఒక ఫొటో తీసి, పక్కపక్కన పెట్టి ‘ఇవి రెండూ ఒకటేనా?’ అని గ్రూపులో అడిగితే చాలు. అందులో ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా నింద లేదు. ఆ అలవాటు పాతుకునేదీ పోయేదీ మాత్రం మొదటిసారి అడిగినవాడికి దొరికే మర్యాదను బట్టే. ‘ఇన్నాళ్లూ ఏం చేశావ్?’ అన్నారో, రెండో ఫొటో రాదు.

షువైఖ్ కౌంటర్లలో టయోటా పేరు వినపడని రోజుండదు. ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో ‘ఆండన్’ అనే తాడో, బొత్తామో ఉంటుంది. తేడా కనిపిస్తే మామూలు కార్మికుడైనా దాన్ని లాగొచ్చు, నొక్కొచ్చు. టీమ్ లీడరు వచ్చి చూస్తాడు, తేలకపోతే లైనే ఆగిపోతుంది. అంత పెద్ద ఫ్యాక్టరీలో లైను ఆపే అధికారం మామూలు కార్మికుడికి ఇచ్చినప్పుడు, ఒక ఇన్వాయిస్ ఆపే అధికారం రాజంపేట లాంటి ఊళ్లో ఇంటి నుంచి బిల్లులు చూసే అమ్మాయికి ఇస్తే వచ్చే నష్టమేమీ లేదు.

ప్రశ్న: రాజంపేట అనగానే గుర్తొచ్చింది, రెండో ఉత్తరం అక్కడిదే. కువైట్ కంపెనీకి ఇంటి నుంచి లెక్కలు రాసే ఈ పాఠకురాలికి ఆదివారం పొద్దున్నే షువైఖ్ నుంచి మెసేజీలు మొదలవుతాయి. పైగా అక్కడివాళ్లు టీ తాగుతూ తేల్చుకున్న సంగతులు ఆమెకు నాలుగు రోజుల తర్వాత గానీ తెలియవు.

జవాబు: సగం తగువు క్యాలెండర్‌దే. కువైట్‌లో 2007 సెప్టెంబరు నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఈమెకు శని, ఆది. అంటే రెండు వైపులా పని ఉండేది సోమవారం నుంచి గురువారం దాకా, నాలుగు రోజులే. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఎనిమిదింటికి ఆఫీసు తెరిస్తే ఇక్కడ పదిన్నర. శుక్రవారం ఈమె పంపిన లెక్క వాళ్లు ఆదివారం తెరుస్తారు, ఆదివారం వాళ్లడిగిన సందేహం ఈమె సోమవారం చూస్తారు. ఎవరూ బద్ధకించలేదు, అయినా ఇద్దరూ అవతలివాళ్లే బద్ధకించారనుకుంటారు. రంజాన్ వస్తే ఇంకో మెలిక: 2010 కార్మిక చట్టం ప్రకారం వారానికి 48 గంటల పని ఆ నెలలో 36కి తగ్గుతుంది.

ఇదంతా ఒక కాగితం మీద గీసి రెండు చోట్లా గోడకు అంటించమని ఆమె మేనేజర్‌ను అడగొచ్చు. ఆదివారం మెసేజీ పెట్టడం తప్పు కాదు, దాని చివర ‘సోమవారం చూడండి’ అని ఉండాలి. ఫోను మోగితేనే తొందర పని అని ముందే అనుకోవాలి.

ఇక టీ. మైక్రోసాఫ్ట్‌లో 61,000 మందికి పైగా ఉద్యోగుల మెయిళ్లు, కాల్స్, మీటింగుల లెక్కలు చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. 2020లో అందరూ ఇళ్లకు మారాక ఎవరి గుంపులో వాళ్లే మాట్లాడుకోవడం పెరిగిందని, వేరే గుంపులతో గడిపే సమయం దాదాపు పాతిక శాతం తగ్గిందని తేల్చింది. సగం మంది ఆఫీసులో, సగం మంది ఇళ్లలో ఉంటే ఆ గోడ ఇంకా ఎత్తుగా లేస్తుంది. అలాగని కరక్ చాయ్ ఆపించడం దండగ, గంట మీటింగులో తేలనివి ఆ గ్లాసుల దగ్గరే తేలుతాయి. టీ అయ్యాక ఒకరు మూడు లైన్లు గ్రూపులో రాయాలి: ఏమనుకున్నాం, ఎందుకు, ఎవరు చేస్తారు. గ్రూపులో పడేదాకా అది నిర్ణయం కాదని ఒప్పందం. వాయిస్ నోట్ మాత్రం వద్దు, నెల తర్వాత వెతికితే దొరకదు.

ప్రశ్న: మీటింగులో కెమెరా తెరవడం తప్పనిసరి చేయాలా? హైదరాబాదు టీమ్ లీడర్ ఒకరి సందేహం.

జవాబు: అక్కర్లేదు. ఒంటి గది ఇంట్లో వెనకాల మంచం, దాని మీద నిద్రపోతున్న పిల్లాడు ఉన్న మనిషికి మాట కంటే ఆ దృశ్యం మీదే ధ్యాస ఉంటుంది. గంటల తరబడి తన మొహం తానే చూసుకోవడం కూడా అలసటకు ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021లో రాశారు. మొదటి ఐదు నిమిషాలు పలకరింపుల వేళ తెరిస్తే చాలు.

ప్రశ్న: షువైఖ్ ఓడరేవులో సరుకు విడిపించే సంస్థకు ఇంటి నుంచి కాగితాలు తయారుచేసే కడప పాఠకుడికి ఈజిప్టు మేనేజర్ పంపే ‘వై లేట్?’ అన్న రెండు ముక్కలు నిద్ర పట్టనివ్వడం లేదు.

జవాబు: 2005లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో, ఈమెయిల్లో తమ మాట వ్యంగ్యమో సూటి మాటో అవతలివాళ్లు 78 శాతం సార్లు పోల్చుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. పోల్చుకున్నది 56 శాతమే, అంటే బొమ్మా బొరుసా వేసినంత. ఇక్కడ రాసినవాడికీ చదివినవాడికీ కూడా ఇంగ్లీషు అరువు భాషే. మూడోసారి అలాంటిది వస్తే జవాబు టైపు చేయకుండా ఫోను చేయడం మేలు. ‘బయాన్ (కస్టమ్స్ పత్రం) పదింటికల్లా పంపుతాను, అక్కడ ఏం ఆగింది సార్?’ అని అడగాలి. ఆ మేనేజరు గేటు దగ్గర ఎండలో నిలబడి ఉండొచ్చు, పక్కన ట్రక్కు డ్రైవరు హారన్ కొడుతూ ఉండొచ్చు.