నాయనమ్మ బొంత గురించి శారదకు

బందరు

చి.సౌ. శారదకు,



మా అత్తగారు సగంలో వదిలేసి వెళ్ళిన బొంత నీ దగ్గరికి చేరిందని, మిషన్ మీద కుట్టించేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పని చెయ్యకమ్మా. లోపల ఉన్నవి ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి నూలు చీరలు. మిషన్ కుట్టు దగ్గర దగ్గరగా, బిగువుగా పడుతుంది. ఆ గీత వెంబడే పాత గుడ్డ చిరుగుతుంది. చేతికుట్టయితే కాస్త వదులుంటుంది, గుడ్డ లాగినా దారం సర్దుకుంటుంది. దారం కూడా నూలుదే వాడు. పాలిస్టరు దారం తాను తెగదు, గుడ్డను కోస్తుంది.

ముందు నేల తుడిచి బొంత మొత్తం పరుచు. మధ్య నుంచి అంచులకు చేత్తో సర్ది, జానెడేసి దూరంలో పొడుగాటి టాకాలు వెయ్యి. తొందరపడి ఇది మానేస్తే లోపలి చీరలు జారి ఒకచోట గుట్టపడతాయి. ఆ తర్వాత నాయనమ్మ ఆపిన చోటు నుంచే కుట్టు అందుకో. నీ కుట్లు ఆవిడవంత సమంగా రావు, రానక్కర్లేదు కూడా. రెండూ ఒకలా ఉండాలని ఆవిడవి మాత్రం విప్పకు. అంచు పట్టీకి కొత్త నూలు గుడ్డ తీసుకుని, ఒకసారి తడిపి ఆరేశాక కుట్టు. ముందుగా చిరిగేది అంచే, దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

నాకు ఎక్కువ బెంగ పైపొర గురించే. అది పెడన అద్దకం దుప్పటి. పువ్వుల చుట్టూ నల్లగీతలు చూశావుగా. తుప్పుపట్టిన ఇనుము బెల్లంనీళ్ళలో నానబెట్టి తీసే నలుపు అది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దుతారు. ఎరుపుకు పటిక కావాలి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఇనుమే నూలును తినేస్తుంది. అందుకే ఎర్రపువ్వు చెక్కుచెదరకుండా ఉన్నా దాని చుట్టూ గీత వెంబడి చిల్లులు పడతాయి. మూడు వందల ఏళ్ళ కిందట ఈ కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకాలకూ ఇదే జబ్బు. ఇంగ్లండులో జనానికి ఆ బట్టల మీద ఎంత మోజంటే, అక్కడి నేతగాళ్ళ గోల పడలేక 1721లో అద్దకపు నూలుబట్టల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం చేశారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ తీరపు అద్దకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. తలుచుకుంటే నాకెంత గర్వమో! నీ దుప్పటికి చిల్లుపడితే అంచులు దగ్గరికి లాగి కుట్టకు. కింద పల్చటి మల్లుగుడ్డ ముక్క పెట్టి, చిల్లుకు కాస్త ఎడంగా, గట్టిగా ఉన్న చోట చుట్టూ కుట్టు.

ఉతికే ముందు తడిపిన తెల్లగుడ్డ అదిమి చూడు. రంగు అంటితే ఉతకొద్దు, నీడలో గాలికి ఆరెయ్యి. అంటకపోతే చల్లనీళ్ళలో కుంకుడురసం కలిపి ముంచు, పిండకు. తడిసిన బొంత బరువుకు దాని కుట్లే తెగుతాయి గనక దండెం మీద వెయ్యకుండా, వేరే దుప్పట్లో పెట్టి ఇద్దరు మోసి మంచం మీద పరవండి. సంక్రాంతి దాటాక పెట్టుకో ఈ పని. వానాకాలం మన వైపు లోపలిపొర ఆరదు. గంజి పెట్టకు, పురుగు దానికే వస్తుంది.

ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. పాత పంచెలో చుట్టి, అప్పుడప్పుడూ మడత మార్చు. మీరుండేది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచినప్పుడు కింది అరల్లో బట్టలు ఏమయ్యాయో నేను చెప్పక్కర్లేదు. పై అరలోనే ఉంచు. ఎప్పుడైనా బురద అంటితే ఆరనివ్వకుండా తడిగా ఉండగానే మంచినీళ్ళతో కడుగు.

అలాగని దాచేసి మర్చిపోకు. చలికాలం పిల్లలకు కప్పు. ఆవిడ కుట్టింది కప్పుకోవడానికే.

ఇంకో మాట. తెరిచి ఉన్న అంచులోంచి కనిపించే ఆకుపచ్చ చీర అత్తగారిదని నాకు తెలుసు. మిగతావి ఎవరివో మీ మేనత్తకే తెలియాలి. ఈమధ్య ఆవిడకు మరుపు ఎక్కువైంది. ఈ ఆదివారం గుడివాడ వెళ్ళి, బొంత ముందు పరిచి అడిగి, ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకో.

మీ పెద్దమ్మ