అప్‌గ్రేడ్ తరువాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ చెదిరితే ఏమి చేయాలి?

డిజైన్, ఆర్కిటెక్చర్, యానిమేషన్, డీటీపీ కోర్సులు చదివే మన పిల్లలకు ఇంట్లోని కంప్యూటరే బడిసంచి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల చాలా ఇళ్ళలో విండోస్ 11కు మారారు. మారిన తరువాత కొందరికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఫోటోషాప్ తెరిస్తే కాన్వాసు నల్లగా ఉంటుంది. ఇల్లస్ట్రేటర్‌లో గీతలు తెగినట్లు కనిపిస్తాయి. కర్సరు వెంట మరకలు మిగులుతాయి. జూమ్ చేస్తే తెర మిణుకుమిణుకుమంటుంది.

ప్రాజెక్టు గడువు దగ్గర పడినప్పుడు ఇలా జరిగితే పిల్లలు బెంబేలెత్తుతారు. "కంప్యూటరు పాతదైపోయింది, కొత్తది కొనండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వేల రూపాయల ఖర్చుకు ఒప్పుకునే ముందు ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిని వరుసగా తెలుసుకుందాం.

1. అసలు కారణం ఏమిటి?

కంప్యూటరులో లెక్కలు చేసేది సీపీయూ. తెరపై బొమ్మను వేగంగా గీసేది జీపీయూ, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసరు. విండోస్‌కూ జీపీయూకూ మధ్య దుబాసీ లాగా పనిచేసే చిన్న సాఫ్ట్‌వేరును డ్రైవరు అంటారు. విండోస్ మారినప్పుడు పాత డ్రైవరు స్థానంలో వేరొక డ్రైవరు చేరవచ్చు, లేదా పాతదే మిగిలిపోవచ్చు. దుబాసీకి కొత్త భాష సరిగా రాకపోతే బొమ్మ చెదురుతుంది. దీనికి తోడు డిజైన్ సాఫ్ట్‌వేరు తన పాత సెట్టింగులనే పట్టుకుని ఉంటుంది. అంటే చాలా సందర్భాలలో యంత్రం చెడిపోలేదు. పొత్తు కుదరలేదు, అంతే.

2. ముందు పనిని భద్రపరచండి

ఏ సెట్టింగునూ ముట్టుకోక ముందే మీ ఫైళ్ళను పెన్ డ్రైవులోకి గాని, బయటి హార్డ్ డిస్కులోకి గాని కాపీ చేయండి. ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకుని తేదీ, చేసిన మార్పు, వచ్చిన ఫలితం అని మూడు గడులు గీయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తేలదు.

3. తేడా ఎక్కడుంది?

కామర్స్ విద్యార్థులకు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక తెలుసు. నగదు పుస్తకానికీ, పాస్ పుస్తకానికీ తేడా వస్తే ముందుగా ఆ తేడా ఎటువైపు పుట్టిందో చూస్తాము. ఇక్కడా అదే పద్ధతి.

మొదటి పరీక్ష: డిజైనును పీడీఎఫ్‌గా గాని, జేపీజీగా గాని ఎక్స్‌పోర్ట్ చేసి ఫోనులో తెరవండి. అక్కడ చక్కగా ఉంటే మీ ఫైలు క్షేమం. చూపించే దగ్గరే లోపం. గడువు రేపే అయితే పని సమర్పించడానికి ఇది చాలు, మరమ్మతు తరువాత చేసుకోవచ్చు.

రెండవ పరీక్ష: తెర చెదిరినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోనులో చూడండి. అందులోనూ చెదిరి ఉంటే చాలావరకు డ్రైవరు లేదా సాఫ్ట్‌వేరు సమస్య. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి తెర మాత్రమే చెదిరితే మానిటరునూ, దాని కేబులునూ అనుమానించండి.

మూడవ పరీక్ష: మిగతా ప్రోగ్రాములు ఎలా ఉన్నాయి? ఒక్క డిజైన్ సాఫ్ట్‌వేరులోనే చెదిరితే ముందుగా దాని సెట్టింగులు చూడాలి. అన్నింటిలో చెదిరితే ముందుగా డ్రైవరు చూడాలి.

4. సరిచేసే వరుస

(అ) కంప్యూటరును రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉన్నచోట షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి స్థితి కొంత అలాగే దాచి ఉంచబడుతుంది. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. పని మధ్యలో తెర స్తంభిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవరు ఒక్కటే తిరిగి మొదలవుతుంది.

(ఆ) డిజైన్ సాఫ్ట్‌వేరుకు అప్‌డేట్లు ఉంటే వేయండి.

(ఇ) జీపీయూను తాత్కాలికంగా పక్కన పెట్టి చూడండి. ఫోటోషాప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్ లోకి వెళ్ళి "యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్" ఎదుట ఉన్న టిక్కు తీసి, ప్రోగ్రామును మూసి తెరవండి. ఇల్లస్ట్రేటర్‌లో వ్యూ మెనూలో "వ్యూ యూజింగ్ సీపీయూ" ఎంచుకోండి. ఆటోక్యాడ్‌లో కమాండ్ లైనులో గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టైపు చేస్తే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపే చోటు వస్తుంది. దీనితో బొమ్మ కుదుటపడితే దోషం జీపీయూ దారిలోనే ఉందని రుజువైనట్లే. అయితే ఇది శాశ్వత వైద్యం కాదు. పని నెమ్మదిస్తుంది, ఫోటోషాప్‌లో ఆయిల్ పెయింట్ వంటి కొన్ని ఫిల్టర్లు పనిచేయవు.

(ఈ) డ్రైవరు చూడండి. స్టార్ట్ బటనుపై కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని మాత్రమే ఉంటే మీ గ్రాఫిక్స్ కార్డుకు అసలైన డ్రైవరు పడలేదని అర్థం. ల్యాప్‌టాప్ అయితే తయారీదారు సైటులో మీ మోడల్ నంబరుతో వెతికి, లేకుంటే ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎమ్‌డీ సంస్థల సొంత సైట్ల నుంచి డ్రైవరు తెచ్చుకోండి. ఎన్‌విడియా వారు డిజైన్ పనివారి కోసం స్టూడియో డ్రైవరు అని వేరుగా ఇస్తున్నారు. కొత్త డ్రైవరు వేశాకే చిక్కు మొదలైతే ప్రాపర్టీస్‌లోని డ్రైవర్ భాగంలో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి. పాత డ్రైవరు నిలువ లేకపోతే ఆ బటను మసకగా ఉంటుంది.

(ఉ) కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండు జీపీయూలు ఉంటాయి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ లోకి వెళ్ళి మీ డిజైన్ ప్రోగ్రాముకు "హై పెర్ఫార్మెన్స్" కేటాయించండి.

(ఊ) ఇంకా కుదరకపోతే ప్రోగ్రాము సెట్టింగులను మొదటి స్థితికి తేవాలి. ఫోటోషాప్ తెరుచుకుంటున్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలు కలిపి పట్టుకుంటే సెట్టింగులు తీసివేయాలా అని అడుగుతుంది. కోరల్‌డ్రాలో ఎఫ్8 పట్టుకుంటే వర్క్‌స్పేస్ మొదటికి వస్తుంది. మీరు మార్చుకున్న షార్ట్‌కట్లు పోతాయి కనుక ముందే రాసి పెట్టుకోండి.

(ఋ) చివరి మార్గం వెనక్కి వెళ్ళడం. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" ఉంటుంది. కాని విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది కనుక దీనిని ప్రాజెక్టు గట్టెక్కించే తాత్కాలిక ఏర్పాటుగానే చూడాలి.

5. అక్షరాలు మారితే అది వేరే సంగతి

పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు చేసే పిల్లలు దీనిని గమనించాలి. బొమ్మలు బాగుండి తెలుగు అక్షరాలు మాత్రమే పిచ్చి గుర్తులుగా కనబడితే అది గ్రాఫిక్స్ దోషం కాదు. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లతో చేసిన ఫైలు, ఆ ఫాంటు కంప్యూటరులో లేకపోతే అలాగే కనిపిస్తుంది. ఆ ఫాంటు తిరిగి వేయాలి. గౌతమి ఫాంటు కనబడకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" చేర్చుకుంటే వస్తుంది.

6. తల్లిదండ్రులకు

"మీ డ్రైవర్లు పాతబడ్డాయి, వెంటనే డబ్బు కట్టండి" అని తెరపై వచ్చే ప్రకటనలను నమ్మవద్దు. తయారీదారులు డ్రైవర్లను ఉచితంగానే ఇస్తారు. ఎవరో ఫోను చేసి మీ కంప్యూటరును దూరం నుంచి బాగుచేస్తామంటే ఒప్పుకోకండి. అదే కంప్యూటరులో మీ బ్యాంకు పని కూడా జరుగుతుందని మరువకండి.

కొత్తది కొనక తప్పని సందర్భాలూ ఉన్నాయి. ఉదాహరణకు బ్లెండర్ 4.0 నుంచి ఓపెన్‌జీఎల్ 4.3 ఉన్న గ్రాఫిక్స్ కావాలి. అది లేని పాత కార్డుపై ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు. అందుకే షాపుకు వెళ్ళే ముందు కోర్సులో వాడే సాఫ్ట్‌వేరు కనీస అవసరాల పట్టికను మీ కంప్యూటరు వివరాలతో సరిపోల్చండి. పిల్లలు రాసుకున్న నోటుబుక్కు వెంట తీసుకువెళ్ళండి. ఏమేమి చూశారో అందులో ఉంటుంది కనుక రిపేరు చేసేవారికీ సమయం కలిసివస్తుంది, అనవసరమైన బిల్లూ పడదు.

స్వయం పరీక్ష

1. పీడీఎఫ్ ఫోనులో బాగుంది, కంప్యూటరు తెరపై బాగాలేదు. ఫైలు చెడిందా?
2. జీపీయూను ఆపగానే బొమ్మ కుదుటపడింది. తరువాత ఏమి చూడాలి?
3. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంది, తెరపై మరకలున్నాయి. దేనిని అనుమానించాలి?

జవాబులు: 1. లేదు. 2. డ్రైవరు. 3. మానిటరు, కేబులు.